గీతలు చదవలేని సింగి

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడిమధ్య ఒక ఊబి. పొగమంచు కమ్మినప్పుడు ఆ ఊబి పిలిచేది. ఎవరు దాటబోతే వాళ్లకి, వాళ్ల సొంతవాళ్ల గొంతుతోనే పిలుపు వినిపించేది. ఆ పిలుపు విని పక్కకి అడుగేసినవాళ్లు మళ్లీ కనిపించలేదు.

అందుకని ముసలి దుప్పి ఓబయ్య అడవి పిల్లలకి ఊబి దాటించే పని నేర్పేవాడు. దారి పొడవునా చెట్ల మీద గీతలుండేవి. నిలువు గీత ఉంటే కుడికి, అడ్డగీత ఉంటే ఎడమకి. పిల్లలంతా తొందరగానే నేర్చుకున్నారు. ముంగిస పిల్ల సింగికి మాత్రం రాలేదు. మొదటిసారి ఎడమకి పోవాల్సింది కుడికి పోయింది. రెండోసారి మోకాళ్ల దాకా దిగబడింది. మూడోసారి చెట్టు ముందు నిలబడి ఏడ్చింది.

"గీతలు కదులుతున్నాయి తాతా. ఒకటి చూస్తే ఇంకోటిలా కనిపిస్తోంది" అంది.

"దీన్ని ఇంటికి పంపెయ్ ఓబయ్యా. ఎండుపుల్లలు ఏరుకుని బతుకుతుంది" అన్నాడు నక్క కొండడు.

ఓబయ్య సింగిని అడిగాడు. "నీకు నేర్చుకోవాలని ఉందా?"

"ఉంది తాతా."

"అయితే గీతలు వదిలెయ్. కళ్లు మూసుకో. కాలికింద ఏముంది?"

"రాయి. దాని తర్వాత వేరు. తర్వాత గరుకు ఇసుక."

"అలాగే పైకి చెప్పుకుంటూ నడువు. మరిచిపోతే కదలకు. దారి మొదలు నుంచి మళ్లీ చెప్పుకో."

రోజూ కొంచెం దారే. అది బాగా వచ్చాకే తర్వాతది. వానలు వెళ్లేసరికి సింగికి దారంతా వచ్చేసింది.

ఒక పొద్దున కుందేలు పోలమ్మ పిల్లలతో ఊబి దాటాల్సి వచ్చింది. చెయ్యి చాపితే చెయ్యి కనిపించనంత మంచు. చెట్ల మీద గీతలు కనిపించవు కాబట్టి ఓబయ్య సింగిని ముందు నడవమన్నాడు.

"గీతలు చదవలేని పిల్ల మమ్మల్ని దాటిస్తుందా?" అంది పోలమ్మ.

"నేనే నేర్పాను. దాని వెనకే నడువమ్మా" అన్నాడు ఓబయ్య.

సగం దారిలో మంచులోంచి ఒక గొంతు వినిపించింది. "సింగీ, ఇటు రా తల్లీ. నాకు చలేస్తోంది."

అది చచ్చిపోయిన అమ్మ గొంతు. సింగి కాలు పైకి లేచింది. నోట్లో మాట ఆగిపోయింది. తర్వాత అడుగు ఎక్కడో గుర్తు రాలేదు.

లేచిన కాలిని మెల్లగా ఉన్నచోటే దించింది.

"పోలమ్మత్తా, నేను మరిచిపోయాను. మొదలు నుంచి చెప్పుకుంటాను. మీరు కదలకండి" అంది.

పోలమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. గొంతు ఏడవసాగింది. ఇంకా దగ్గరికొచ్చింది. చల్లని ఊపిరి సింగి చెవికి తగిలింది. సింగి ఆపకుండా చెప్పుకుంది. చివరికి మరిచిపోయిన మాట నోటికొచ్చింది, "వేరు." కాలు చాపితే వేరు తగిలింది.

అందరూ గట్టు చేరారు. ఆ రోజు నుంచి దాటించే పని సింగికే ఇచ్చారు. గీతలు దానికి ఇప్పటికీ రావు.

కొన్నాళ్లకి ఊబి సింగి గొంతుతో పిలవడం మొదలుపెట్టింది. "ఇటు రండి, నేను సింగిని" అని మెత్తగా పిలిచేది. దాటేవాళ్లెవరూ అటు పోలేదు. అసలు సింగి దారి చెప్పుకుంటూ వాళ్ల ముందే నడుస్తోంది.

నీతి: పిల్లకి పని రాలేదని పిల్లని వదులుకోకూడదు, నేర్పే తీరు మార్చి చూడాలి.