బావి పక్కన బెంచీ

రిపోర్టు మళ్ళీ వెనక్కొచ్చింది.

హైమవతి దాన్ని తెరవకుండా కాసేపు అలాగే కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చుంది. లోపల ఏముంటుందో ఆమెకి తెలుసు. "దయచేసి మరోసారి పరిశీలించగలరు." అంతే ఉంటుంది. పరిశీలించి ఏం చెయ్యాలో రాయరు. అది ఫోన్లో చెప్తారు.

రాజమండ్రి దానవాయిపేటలో, ఒక కళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో వాళ్ళ ఆఫీసు. ఉన్నవి రెండే గదులు. చమురు కోసం బావి తవ్వేవాళ్ళకి, నేల అడుగున రాతిపొరల్లో ఇరుక్కున్న నీళ్ళూ గ్యాసూ ఎంత ఒత్తిడితో ఉంటాయో ముందే అంచనా కట్టి చెప్పడం వాళ్ళ పని. ఆ ఒత్తిడికి తగ్గ బరువున్న మడ్డు, అంటే చిక్కటి బురద నీళ్ళు, బావిలో నింపుకుంటూ తవ్వాలి. మడ్డు తేలికైతే కిందున్నది పైకి తన్నుకొస్తుంది. తన్నుకొస్తే ఏమవుతుందో, ఎన్నాళ్ళు మండుతుందో కోనసీమలో ఎవర్నడిగినా చెప్తారు.

ఆఫీసు రహంతుల్లా గారిది. డెబ్బై దాటిన మనిషి. హైమ చదువు పూర్తికాగానే ఆయన దగ్గర చేరింది, మరెక్కడికీ వెళ్ళలేదు. కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఆయనకి అలవాటు లేదు. ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది.

రిపోర్టు వెనక్కొచ్చిన ఈ బావికి హైమ వేసిన అంకె పద్నాలుగు. మడ్డు బరువు గ్యాలనుకి అన్ని పౌన్లు ఉండాలి. కానీ ఆ బరువుని పై పొరలు తట్టుకోలేవు, చీలిపోతాయి. అందుకని ముందు ఆ పొరలు దాటేదాకా ఉక్కు గొట్టం దింపి, చుట్టూ సిమెంటు పోసి, ఆ తర్వాతే కిందికి వెళ్ళాలి. బావి తవ్వే కంపెనీ ప్లానులో ఆ గొట్టం లేదు, దింపితే ఖర్చూ రోజులూ పెరుగుతాయి. పక్క బావిలో అవసరం పడలేదు, ఇక్కడెందుకు పడుతుందని వాళ్ళ ప్రశ్న. హైమ అంకె పన్నెండున్నరకి దిగితే ఏ గొడవా లేదు, ప్లాను ప్రకారం సాగిపోవచ్చు.

ఫోన్ మోగింది. రిగ్గు మీదుండే కంపెనీ ఇంజినీరు భాస్కరవర్మ.

"మేడమ్ గారూ, అబద్ధం చెప్పమనట్లేదండి. కాస్త చూడమంటున్నాను. అవతల రిగ్గు ఆగిపోయుంది. పైవాళ్ళు నన్ను కాల్చుకు తింటున్నారు."

ఆయన గొంతులో కోపం లేదు. ఆయనకీ నిద్ర లేనట్టుంది.

"చూస్తానండి" అని ఫోన్ పెట్టేసి, హైమ లోపలి గదిలోకి వెళ్ళింది.

రహంతుల్లా గారు మధ్యాహ్నం నమాజు ముగించి చాప మడుస్తున్నారు.

"సార్, పన్నెండున్నర చేసేస్తాను."

ఆయన చాప అంచులు సరిచేస్తూనే ఉన్నారు. "ఎందుకమ్మా?"

"విసుగొచ్చేసింది సార్. ఎన్నిసార్లని చెప్పను? చెప్పిందే చెప్పీ చెప్పీ, నా మాట మీద నాకే నమ్మకం పోతోంది. పక్క బావిలో ఏమీ రాలేదు. ఇక్కడా రాకపోవచ్చు."

"రాకపోవచ్చు."

"మరి?"

"నీ లెక్కలో కొత్తగా ఏమైనా దొరికిందా?"

"లేదు సార్."

ఆయన చాప అలమరలో పెట్టి తలుపు వేశారు. "పని నీది. పన్నెండున్నర వేస్తే వెయ్యి. ఫోన్లో మాత్రం వద్దు. వెళ్ళి చెబుదాం."

"ఇప్పుడా సార్? ఈ ఎండలోనా?"

"రిగ్గు ఆగిపోయుందన్నావు కదా."

కారు హైమే నడిపింది. దారి పొడుగునా పన్నెండున్నర, పన్నెండున్నర అని మనసులో అనుకుంటూనే ఉంది. రావులపాలెం దాటి కాలవ గట్టు మీదికి తిరిగాక, కొబ్బరి తోటల పైనుంచి రిగ్గు శిఖరం కనిపించింది. అది చూడగానే ఆమెకి త్వరగా ఆ మాటేదో చెప్పేసి, ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది.

భాస్కరవర్మ ఎదురొచ్చి ఇద్దరికీ హెల్మెట్లు ఇచ్చాడు. "రండి సార్, లోపల ఏసీ ఉంది, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

"మీరిద్దరూ మాట్లాడుకోండి" అని రహంతుల్లా గారు ఇనప మెట్ల వైపు నడిచారు.

బావి నోటికి పైన, అంతెత్తున ఉంటుంది రిగ్గు అరుగు. ఆయన మోకాళ్ళు మంచివి కావు. కమ్మీ పట్టుకుని, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కారు. అరుగు మీద డ్రిల్లర్ గది బయట ఒక ఇనప బెంచీ ఉంది. దాని మీద కూర్చున్నారు. భాస్కరవర్మ, హైమ ఆయన వెనకాలే పరిగెత్తుకొచ్చారు.

డ్రిల్లర్ పేరు ఏసుపాదం. నలభై ఏళ్ళ మనిషి, చేతులు నూనెతో నల్లగా ఉన్నాయి. ముసలాయన రొప్పుతుంటే చూసి ఫ్లాస్కు తెచ్చాడు.

"టీ పోయమంటారా అండి?"

"పొయ్యి నాయనా."

"పొద్దుట్నుంచీ కూర్చోబెట్టేశారండి మమ్మల్ని. మడ్డు బరువెంతో చెప్పేస్తే కలిపేసుకుంటామండి."

"ఎంతయితే బాగుంటుందంటావు?"

ఏసుపాదం నవ్వాడు. "అది మాకేం తెలుస్తుందండి? అడుగున ఏముందో చూసొచ్చేదెవరు? మీరెంతంటే అంతేనండి."

హైమ తల పక్కకి తిప్పుకుంది.

భాస్కరవర్మ ఇబ్బందిగా చేతులు నలుపుకున్నాడు. "సార్, బయటివాళ్ళు ఇక్కడ ఎక్కువసేపు ఉండకూడదండి. కిందికి వెళ్దాం."

"అంకె చెప్పగానే తవ్వడం మొదలెడతారు కదా?"

"ఆయ్, వెంటనేనండి."

"నేను ఇక్కడే ఉంటాను. ఆ ఒత్తిడి ఉన్న లోతు దాటాక దిగుతాను."

భాస్కరవర్మ నవ్వబోయి ఆగాడు. "రేపు సాయంత్రం అవుతుందండి."

"కానివ్వండి. రాత్రికి కప్పుకోడానికి ఏదైనా ఇప్పించండి."

"రూల్సు ఒప్పుకోవు సార్. ప్రమాదం కదండీ."

"వీళ్ళందరూ ఉన్నారుగా" అన్నారు రహంతుల్లా గారు, టీ ఊదుకుంటూ.

హైమకి ఒక్కసారిగా కోపం వచ్చింది. దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అంది. "ఇది న్యాయం కాదు సార్. తిట్టాలనుంటే ఆఫీసులోనే తిట్టాల్సింది. ఇంతదూరం తీసుకొచ్చి ఇలా..."

"నిన్నెందుకు తిడతానమ్మా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశారు. "నీ లెక్క మీద నాకు నమ్మకం. అందుకే కూర్చున్నాను. వెళ్ళి ఆయనకి అంకె చెప్పు."

భాస్కరవర్మ జేబులోంచి ఫోన్ తీసి సిద్ధంగా నిలబడ్డాడు.

హైమ ఇంజినీరు వైపు తిరిగింది. పన్నెండున్నర అనడానికి ఎంతసేపు పడుతుంది? దారంతా ఆ మాటే అనుకుంటూ వచ్చింది. కళ్ళు మాత్రం బెంచీ వైపే పోతున్నాయి. ముసలాయన మేజోడు ఒకటి చీలమండ మీదికి జారి ఉంది. మోకాలి మీద అరచెయ్యి పెట్టి మెల్లగా రుద్దుకుంటున్నారు. కిందున్నది తన్నుకొస్తే, ఆ కాళ్ళతో ఆయన ఈ మెట్లు పరిగెత్తి దిగలేరు.

"పద్నాలుగు" అంది హైమ.

"మేడమ్..."

"పద్నాలుగేనండి. ముందు గొట్టం దింపండి. తప్పయితే తప్పు నాదని రాసిస్తాను."

 భాస్కరవర్మ అరుగు చివరికి వెళ్ళి, ఒక చెవి మూసుకుని ఫోన్లో మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. ఎక్కువగా విన్నాడు. తిరిగొచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"దింపమన్నారు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాలన్నట్టు ఆగి, నేల చూస్తూ అన్నాడు. "తర్వాతి బావులకి మాత్రం వేరేవాళ్ళని చూసుకుంటారటండి. ఏమనుకోకండి."

"అనుకోడానికేముందండి" అంది హైమ.

ఏసుపాదం అప్పటికే కింద ఉన్నవాళ్ళని కేకేసి గొట్టాలు సిద్ధం చెయ్యమంటున్నాడు. ప్లాను ఎందుకు మారిందని అతను అడగలేదు. ఇంజన్లు గట్టిగా అందుకున్నాయి. అరుగు కాళ్ళ కింద సన్నగా వణికింది.

హైమకి ఒళ్ళంతా బరువుగా ఉంది. గెలిచినట్టు లేదు, ఓడినట్టూ లేదు. ఆఫీసుకి ఉన్న పెద్ద పని ఇదొక్కటే. అది పోయింది. అడుగున నిజంగా పద్నాలుగే ఉందో లేదో దేవుడికెరుక. గొట్టం దింపాక ఏమీ రాకపోతే, దింపినందుకే రాలేదో, అసలు ఏమీ లేకే రాలేదో కూడా ఎవరికీ తెలియదు.

బెంచీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఇక లేవండి సార్. చెప్పేశాను కదా."

రహంతుల్లా గారు ఖాళీ గ్లాసు పక్కన పెట్టారు. ఆమె చెయ్యి పట్టుకున్నారు గానీ లేవలేదు.

"పద్నాలుగు నేను కూర్చున్నానని చెప్పావా?"

హైమ కళ్ళు మళ్ళీ జారిన మేజోడు మీదికి పోయాయి.

"నేను లేచాక ఎంత ఉంటుందమ్మా?"

సాయంత్రం షిఫ్టు మొదలవుతోంది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. మనుషులు ఒకరి వెనక ఒకరు ఎక్కుతున్నారు. ఒకడు హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు. ఇంకొకడు మెడలో ఉన్న తువ్వాలు తీసి చొక్కాలో దోపుకుంటున్నాడు. వెనకెవరో ఏదో అంటే ముందున్నవాడు పెద్దగా నవ్వాడు. వాళ్ళలో ఒక్కరి పేరూ ఆమెకి తెలియదు. ఒకరి తర్వాత ఒకరుగా అందరి మొహాలూ చూసింది.

తర్వాత ఆయన చెయ్యి వదలకుండానే పక్కకి జరిగి, వాళ్ళకి దారి ఇచ్చింది.

"పద్నాలుగే సార్" అంది. రహంతుల్లా గారు ఆమె చెయ్యి ఊతంగా తీసుకుని, మెల్లగా లేచారు.