భైరవయ్య ఇంటికి కాపలా

ఒకానొక రాజ్యంలో రెండు చెరసాలలు ఉండేవి. కోటలోని పెద్ద చెరసాలకు భైరవయ్య అధికారి. ఊరి చివరి చిన్నదానికి ఓబన్న కాపలాదారు. ఒకప్పుడు వెదురుబుట్టలల్లి బతికిన ఓబన్న ఆ పనే ఖైదీలకు నేర్పేవాడు. విడుదలైనవాళ్ళు దొంగతనాలు మానేసి బుట్టలమ్ముకుని బతుకుతున్నారని తెలిసి, రాజు నిండు సభలో అతనికి శాలువా కప్పాడు.

అది చూసిన దగ్గర్నుంచి భైరవయ్యకు అన్నం సయించలేదు. ఇరవై ఏళ్ళు కొరడా పట్టిన తనకు దక్కని మర్యాద బుట్టలల్లేవాడికా! ఓర్వలేక మర్నాడే సభలో లేచాడు.

"ప్రభూ, ఓబన్న చెరసాల సగం ఖాళీ. పనిలేక కూర్చున్నాడు. నాది చూడండి, కిటకిటలాడుతోంది. దొంగలకు భయం నేర్పేది నేనే. ఆ చెరసాల కూడా నాకే ఇప్పించండి."

"ఏమంటావు?" అని రాజు ఓబన్నను అడిగాడు.

ఓబన్న చేతులు కట్టుకుని, "అలాగే ఇచ్చేయండి ప్రభూ. ముందు అయ్యగారు ఒక్క నెల తమ ఇంటికి నలుగురిని కాపలా పెట్టుకోవాలి. ఆయన దగ్గర శిక్ష ముగిసినవాళ్ళు కావాలో, నా దగ్గర ముగిసినవాళ్ళు కావాలో ఆయననే చెప్పమనండి" అన్నాడు.

భైరవయ్య ఆలోచించకుండానే, "నావాళ్ళా? ఇల్లు ఊడ్చుకుపోతారు! నీవాళ్ళనే పంపు" అనేశాడు.

సభంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వాపుకుని, "తీర్పు నువ్వే చెప్పావు భైరవయ్యా! రేపటినుంచి నీ ఖైదీలకూ ఓబన్నే పని నేర్పుతాడు. పక్కన కూర్చుని నువ్వూ నేర్చుకో" అన్నాడు.

భైరవయ్య తలవంచుకుని బయటికి నడిచాడు. సభ నవ్విన నవ్వు కన్నా, గుమ్మం దగ్గర ఓబన్న వినయంగా పక్కకు జరిగి దారి ఇవ్వడమే అతని కడుపు ఎక్కువగా మండించింది.