నూకాలప్ప సీటు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు. కొండ రోడ్డు మీద కార్లు మూలుగుతూ ఎక్కే కాలం. దిగేటప్పుడు లోపలున్నవాళ్లంతా ఒక్కసారిగా భక్తులైపోయే కాలం.

ఆ కాలంలో కొండ కింద పాత ఇనుప సామాన్ల దిబ్బ ఒకటుండేది. దిబ్బ మీద నూకాలు అని ఒకావిడ ఉండేది. అక్కని అప్ప అనే ఊళ్లు కాబట్టి అందరికీ నూకాలప్ప. పాతబడిన బళ్లు విప్పడం, ఇనుము ఒకవైపు, రాగి ఒకవైపు, పనికొచ్చేది ఒకవైపు వేయడం ఆమె పని. అక్షరం ముక్క రాదు. ఎన్ని కార్లు విప్పిందో లెక్క లేదు గానీ, పుట్టి బుద్ధెరిగాక ఒక్క కారూ ఎక్కలేదు.

కొండ మీది ఊళ్లన్నిటికీ కలిపి కారు ఒక్కటే. అది దాలినాయుడిది. దాని వెనక చక్రాలకు మొదట్లో డ్రమ్ము బ్రేకులుండేవి. దిగుడులో వేడెక్కి పట్టు వదిలేసేవి. ఒక ముసలి మేస్త్రీ వాటిని పీకేసి, వేరే ఏదో బండి బ్రేకు డిస్కులు తెచ్చి అమర్చాడు. అప్పట్నుంచీ కారు చెప్పిన మాట విన్నది. ఏళ్లకేళ్లు విన్నది. ఈలోగా మేస్త్రీ పోయాడు. అవి ఏ బండి డిస్కులో ఎవరికీ చెప్పకుండానే పోయాడు. ఆ డిస్కులు కాస్తా అరిగి అప్పడాలయ్యాయి.

సరిగ్గా అప్పుడే దాలినాయుడి కూతురు గౌరికి నెలలు నిండాయి. తొలి కాన్పు. ఉన్నది కొండ మీద, ఆసుపత్రి కొండ కింద. బ్రేకుల్లేని కారులో కూతుర్ని దించలేడు. డోలీ కట్టి మోయిద్దామంటే, కిందటేడు ఆ డోలీలోనే ఒక తల్లి దారిలో పోయింది. దాలినాయుడికి ముద్ద దిగడం మానేసింది.

అరిగిన డిస్కుని సంచిలో వేసుకుని మూడు ఊళ్లు తిరిగాడు. మూడు కొట్లలోనూ ఒకటే ప్రశ్న.

"ఏ కారు?"

పాపం, కారు పేరు చెప్పాడు. మొదటి కొట్లో ఇచ్చింది చిన్నదైంది. రెండో కొట్లో ఇచ్చింది పెద్దదైంది. మూడో కొట్టాయన పుస్తకం తిరగేసి, "ఆ కారుకి వెనకాల డిస్కులే ఉండవయ్యా. మతి గానీ పోయిందా?" అన్నాడు.

దాలినాయుడు తిరిగొచ్చి, దిబ్బ పక్కన కూలబడి ఏడ్చాడు. సిగ్గుపడకుండానే ఏడ్చాడు. నూకాలు దిగొచ్చింది.

"ఏటి తమ్ముడా, అలగైపోనావు?"

"పుస్తకాలున్నోల్లకే తెలీనేదు, నీకు సెప్పి ఏటి లాభం అప్పా?" అన్నాడు విసుగ్గా. అంటూనే చెప్పేశాడు. నూకాలు డిస్కుని తిప్పి తిప్పి చూసింది.

"దత్తుకొచ్చిన పిల్లోడిలో పెంచినోల్ల పోలికలు ఎతికితే ఎలాగ? ఇది నీ కారుకి పుట్టినది కాదు. పేరు సెప్పకు తమ్ముడా, కొలత సెప్పు."

నులక తాడు తీసింది. డిస్కు వెడల్పుకి ఒక ముడి వేసింది. నడిమి కన్నానికి ఒక ముడి, బోల్టు కన్నాల ఎడానికి ఒక ముడి. "పెల్లికీ మూడు ముల్లే, బ్రేకుకీ మూడు ముల్లే" అని నవ్వింది. తాడు పట్టుకుని దిబ్బలోకి దూరింది.

ముందు ఒకటి దొరికింది. నిగనిగలాడుతోంది. నూకాలు దాన్ని వేలికి తగిలించి, కుమ్మరి దగ్గర కుండని చూసినట్టు బోల్టుతో కొట్టి చూసింది. బద్దుమంది. విసిరి పారేసింది.

"బాగానే ఉంది కదప్పా!"

"లోపల బీటుంది. కుండ బద్దంటే నీల్లే పోతాయి. ఇది బద్దంటే పేనాలు పోతాయి."

రెండోది కొట్టింది. ఖంగుమంది. అయితే ఒక్కటి చాలదు, జోడు కావాలి. ఒకటి మందం, ఒకటి పల్చన అయితే బ్రేకు నొక్కినప్పుడు రెండు చక్రాలూ ఒకేలా పట్టవు. దిబ్బంతా తిరగేసింది. పొద్దు వాలింది. చివరికి నడుం మీద చెయ్యేసుకుని తన పాక వైపు చూసింది. పాక మీది రేకు గాలికి ఎగరకుండా బరువు పెట్టుకున్నది ఒక డిస్కే! తాడు పట్టి చూసింది. మూడు ముళ్లూ సరిపోయాయి. కొట్టింది. ఖంగుమంది.

"మరి నీ రేకో?"

"రాయెట్టుకుంటాన్లే. రెండూ లేతు మిసను మీద పట్టించి తుప్పు తీయించు."

"నీకేటివ్వాలప్పా?"

నూకాలు తలెత్తి కొండ వైపు చూసింది. "ఒక్కసారి నీ కారెక్కించి కొండ మీదకి తీసుకెల్లు. అక్కణ్నించి నా దిబ్బ ఎలా కనిపిస్తాదో సూడాలనుంది."

"ఓస్, అంతేనా! రేపే!"

"ముందు పిల్లని దించు."

దించాడు. ప్రతి మలుపులోనూ బ్రేకు పట్టింది. గౌరి ఆసుపత్రిలో ఆడపిల్లని కన్నది. తల్లీ బిడ్డా క్షేమం.

దాలినాయుడు మాట మరవలేదు. మొదటిసారి వచ్చాడు. నూకాలు కొత్తచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఇంతలో పాము కరిచిన వాణ్ని మోసుకొచ్చారు. "ముందు ఈడిని ఆసుపత్రికి తీసుకెల్లు. నాకేటి తొందర?" అని దిగిపోయింది. రెండోసారి వచ్చాడు. ఇంజను స్టార్టయ్యేసరికి జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న బిడ్డతో ఒక తల్లి పరిగెత్తుకొచ్చింది. "నాకేటి తొందర?" అని మళ్లీ దిగిపోయింది.

మూడోసారి దాలినాయుడు రాలేదు. పెళ్లివాళ్లు పిలిస్తే అటు వెళ్లాడు. తర్వాత వెళ్దాంలే అనుకున్నాడు. కొండంత మాట ఇచ్చిన మనిషి గోరంత పనికి ఆగిపోయాడు. అందరం అలాంటివాళ్లమే, అతన్ననడం దేనికి?

ఆ వానల్లోనే నూకాలు పోయింది. ఆఖరికి కాటికైనా కారులో తీసుకెళ్దామని దాలినాయుడు వచ్చాడు. శ్మశానం దిబ్బ వెనకే. కారు అక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే దాలినాయుడు కారు ముందు తలుపు తీశాడు. "ఎక్కప్పా, కూకో" అన్నాడు. తలుపు వేసి, ఖాళీ సీటుతో కొండెక్కాడు. పైన ఆపాడు. "అదిగో, నీ దిబ్బ. మినుముల రాసిలాగ లేదూ?" అని చూపించాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే దిగాడు. చూసినవాళ్లు పిచ్చెక్కిందన్నారు. ఆ తర్వాత వాళ్లే అలా చేయడం నేర్చుకున్నారు.

ఇప్పటికీ ఆ కొండ డ్రైవర్లు సామాన్ల కొట్టుకి వెళితే ముందు తాడు తీస్తారు. "పేరు కాదు, కొలత" అంటారు. కొత్త బ్రేకులు వేయిస్తే మొదటిసారి ముందు సీటు ఖాళీగా ఉంచి కొండెక్కుతారు, దిగుతారు. ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా ఆ సీటు ఇవ్వరు. దారిలో రోగి ఎదురైతే మాత్రం అడక్కుండానే తలుపు తీసి అందులోనే కూర్చోబెడతారు. అప్ప ఎలాగూ దిగిపోయి ఉంటుందని వాళ్లకు తెలుసు.