తాళాలు తోముకున్న ఎలుగుబంటి

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు ఒడ్డున ఒక ఎలుగుబంటి. పేరు కంబళయ్య. ఎండాకాలంలో కూడా నల్ల కంబళి కప్పుకున్నట్టే కనిపిస్తాడని అడవంతా కలిసి ఆ పేరు పెట్టింది.

కంబళయ్య డోలు వాయించేవాడు. డోలు మెడలో వేలాడేది. దాని నెత్తిన ఒక కంచు తాళం బిగించి ఉండేది. జోడు తాళం ఎడమ చేతిలో ఉండేది. కుడిచేత్తో డోలు మీద ఒక దెబ్బ, ఎడమచేత్తో తాళానికి ఒక దెబ్బ. "ధిం... ఝంయ్య్!" ఆ ఝంయ్యిమన్న మోత అడవి ఆ చివరిదాకా వెళ్లి, అక్కడ కాసేపు కూర్చుని గానీ తిరిగి వచ్చేది కాదు.

అది ఉత్త సరదా వాయిద్యం కాదు. దానికి రోజూ ఒక పని ఉండేది. వాగు అవతల మంచి పచ్చిక ఉంది. జింకలు సాయంత్రం వెలుగుండగానే వాగు దాటి వెళ్లి, అక్కడే మేసి, అక్కడే పడుకుని, తెల్లారి తిరిగి వచ్చేవి. వెళ్లేటప్పుడు దారి బాగానే కనిపించేది. వచ్చేటప్పుడే చిక్కు. చలికాలం పొద్దున్నే వాగు మీద మంచు కమ్ముకుని, ఎవరి కాళ్లు వాళ్లకే కనిపించేవి కావు. వాగు దాటడానికి ఒక్కటే రాళ్ల రేవు. దాని పక్కనే లోతైన మడుగు. ఆ మడుగులో మొసలి.

అందుకని కంబళయ్య ప్రతి ఉదయం సరిగ్గా రేవుకి ఎదురుగా నిలబడి తాళాలు మోగించేవాడు. జింకలు ఆ మోతని పట్టుకుని తిన్నగా నడిచి వచ్చేవి.

ఒక ఏడాది మాత్రం ఒక తోడేలు మంచులో నక్కి, కంబళయ్య గొంతు అనుకరిస్తూ "రండమ్మా, ఇటు రండి!" అని పిలిచింది. ఆ రోజు ఒక జింకపిల్ల ఇల్లు చేరలేదు. అప్పటినుంచి జింకల పెద్ద చుక్కమ్మ ఒక కట్టుబాటు పెట్టింది.

"ఎవరు పిలిచినా కదలొద్దు. మన అన్నయ్య తాళం మోగితేనే వాగులో అడుగు పెట్టాలి" అంది.

ఇలా రోజులు బాగానే గడుస్తున్నాయి. బాగా గడుస్తున్న రోజుల్లోనే కదా మనకి తెలివి ఎక్కువవుతుంది! కంబళయ్యకీ అంతే అయింది.

ఒక మధ్యాహ్నం సింగారయ్య అనే నెమలి వచ్చి రాతి మీద వాలింది. రాగానే పింఛం సర్దుకుంది. తర్వాత తాళాల వైపు చూసి ముక్కు చిట్లించింది.

"కంబళయ్య బావా! పున్నమినాడు నా ఆట ఉంది, గుర్తుందా?"

"ఉంది బావా. నా వాయిద్యం సిద్ధం" అన్నాడు కంబళయ్య.

"వాయిద్యం సరే. ఆ తాళాలేమిటి, అలా నల్లగా ఉన్నాయి? నా పక్కన అవి, పెళ్లికూతురి పక్కన మసిగుడ్డలా ఉంటాయి. కాస్త తోముకోకూడదూ?"

కంబళయ్య తాళాల వైపు చూశాడు. అవి ముప్పై చలికాలాల నాటివి. నిజమే, నల్లగానే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ సంగతి తనకి తట్టనే లేదు. ఒక్కసారి తట్టాక ఇక ఇంకేమీ తట్టలేదు.

వెంటనే చింతచెట్టు దగ్గరికి పరిగెత్తాడు. గుప్పెడు చింతపండు తెచ్చి, నీళ్లలో నానబెట్టి, తాళాలకి పట్టించి రుద్దడం మొదలుపెట్టాడు. చింతపండు చూస్తే నోరూరింది కాబట్టి సగం తాళాలకి పోయింది, సగం తన పొట్టలోకి పోయింది.

సాయంత్రమైంది. జింకలు రేవు దగ్గరికి వచ్చాయి. చుక్కమ్మ ఆగి చూసింది.

"ఏమిటన్నయ్యా ఆ రుద్దుడు?"

"శుభ్రం చేస్తున్నానమ్మా."

"రోజూ వాయించాక పొడిగుడ్డతో తుడుస్తావుగా. దుమ్ము పడితే మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెడతావు. అది చాలదూ?"

"అది శుభ్రం. ఇది అందం" అన్నాడు కంబళయ్య, తనేదో పెద్ద మాట అన్నట్టు గడ్డం నిమురుకుంటూ. గడ్డానికంతా చింతపండు అంటుకుంది.

"మోగుతున్నదాన్ని ఎందుకు కెలుకుతావు? వదిలెయ్యి" అని చుక్కమ్మ పిల్లల్ని తోలుకుని వాగు దాటి వెళ్లిపోయింది.

తాళాలు కాస్త ఎర్రబడ్డాయి. కానీ కంబళయ్య కంటికి అది చాలలేదు. అప్పుడే చెట్టు మీదినుంచి అంగన్న అనే కోతి దిగింది.

"మామా, చింతపండుతో ఏమవుతుంది? ఊళ్లో ఆడవాళ్లు బిందెలు ఎలా తోముతారో నేను గోడెక్కి చూశాను. ఇటుకపొడి వెయ్యాలి. కొబ్బరిపీచు పెట్టి గరగరా రుద్దాలి. బిందెలో మొహం కనిపిస్తుంది!"

"నీకు తెలుసా?"

"నాకు తెలియనిదేముంది మామా!"

బిందె నీళ్లు మొయ్యడానికి, తాళం మోగడానికి. ఈ తేడా పసిపిల్లలకి కూడా తెలుసు. కంబళయ్యకి ఆ సాయంత్రం మాత్రం తెలియలేదు. అంగన్న తెచ్చిన ఇటుకపొడి వేసి, పీచుతో గరగరా గరగరా రుద్దాడు. తాళాల మీద చుట్టూ సన్నటి గీతలుండేవి. అవి అరిగిపోయాయి. నలుపు పోయింది. నలుపుతో పాటు కంచు కూడా కొంత పోయి, ఎర్రటి నీళ్లతో కలిసి వాగులోకి జారిపోయింది.

"అబ్బ! నా మొహం కనిపిస్తోంది!" అని మురిసిపోయాడు. అది అంత చూడదగ్గ మొహమేమీ కాదు. అయినా చాలాసేపు చూసుకున్నాడు.

ఇక మూడో సలహా. అది ఎవరూ ఇవ్వలేదు. అది అచ్చంగా కంబళయ్య సొంత తెలివి.

"మంచు తగిలితే ఈ మెరుపు పోతుందేమో" అనుకున్నాడు. "దీని మీద ఏదైనా పూత ఉండాలి. నా దగ్గర తేనెమైనం ఉంది కదా!"

తేనెపట్టు పిండగా మిగిలిన మైనం కరిగించి, రెండు తాళాలకీ రెండువైపులా మందంగా పూశాడు. తాళాలు తళతళలాడాయి. ఒక్కసారి మోగించి చూద్దామా అనుకున్నాడు. చెయ్యి ఎత్తాడు కూడా. కానీ వేలిముద్ర పడి మెరుపు చెడుతుందని భయపడి, ఆకుల్లో చుట్టి తలదగ్గర పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

నవ్వొస్తోందా? నవ్వండి. కాకపోతే మరీ ఎక్కువ నవ్వకండి. ఈ కథ చెబుతున్న పెద్దమనిషి కూడా ఒకప్పుడు చక్కగా నడుస్తున్న గోడగడియారాన్ని శుభ్రం చేద్దామని విప్పాడు. మళ్లీ బిగించాక నాలుగు మరలు మిగిలాయి. ఆ గడియారం ఇప్పటికీ గోడ మీదే ఉంది. దాన్ని చూసి టైమెంతయిందో మాత్రం ఎవరూ చెప్పరు.

సరే, తెల్లారింది.

ఆ రోజు మంచు ఎన్నడూ లేనంత దట్టంగా కమ్ముకుంది. దానికి తోడు పైకొండల్లో వాన కురిసినట్టుంది, వాగు చప్పుడు పెరిగింది. నీళ్లు రేవు రాళ్ల అంచుల దాకా వచ్చాయి. ఇంకాసేపు ఆగితే రాళ్లు మునిగిపోతాయి.

అవతలి ఒడ్డు నుంచి చుక్కమ్మ కేక వినిపించింది. "అన్నయ్యా, మోగించు! నీళ్లు పెరుగుతున్నాయి!"

కంబళయ్య డోలు మెడలో వేసుకుని రేవుకి ఎదురుగా నిలబడ్డాడు. తోమిన తాళాల సోకు చూద్దామని నెమలి, కోతి కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. ఆ మంచులో తాళాలూ కనిపించలేదు, మెరుపూ కనిపించలేదు. కంబళయ్య చెయ్యెత్తి బలంగా కొట్టాడు.

"తప్."

మళ్లీ కొట్టాడు.

"తప్."

చెప్పుల జత నేలకేసి కొట్టినా అంతకంటే గట్టిగా మోగుతుంది. కంబళయ్యకి పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ క్షణాన ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

"మైనం!" అని గొణిగి, తాళం నోట్లో పెట్టుకుని పళ్లతో గీకాడు, నాలుకతో నాకాడు. మైనంతో పాటు ఇటుకపొడీ, పులుపూ నోట్లోకి వచ్చాయి. ఉమ్ముతూ, నాకుతూ, మళ్లీ ఉమ్ముతూ రెండు తాళాలూ ఎలాగో గీకి మోగించాడు.

"టింగ్!"

మోగింది. కానీ అది పాత మోత కాదు. అరగదీసిన కంచు పలికే సన్నటి పీల గొంతు అది.

మంచు అవతల జింకలు నిలబడిపోయాయి.

"ఎవరది?" అని అరిచింది చుక్కమ్మ. "అది మా అన్నయ్య తాళం కాదు!"

"నేనేనమ్మా! కంబళయ్యని!"

"తోడేలు కూడా ఆ మాటే చెప్పింది."

కంబళయ్య పక్కకి చూశాడు. నెమలి వింటోంది. కోతి వింటోంది. ఈ ఇద్దరి ముందు పరువు పోగొట్టుకోవడం ఎలాగా అనుకున్నాడు. పాపం, పోవడానికి ఇంకా ఏదో మిగిలుందనే అనుకుంటున్నాడు.

"చలికమ్మా, చలికి!" అని అరిచాడు. "చలికి తాళాలు బిగుసుకుపోయాయి. అందుకే అలా మోగుతున్నాయి."

"మా అన్నయ్య తాళాలకి ముప్పై చలికాలాలుగా లేని జలుబు ఇవాళెందుకు చేసింది?" అంది చుక్కమ్మ. "పిల్లలూ, వీడెవడో మోసగాడు. ఇక్కడ దిగొద్దు. పక్కకి నడవండి, ఇంకోచోట దాటుదాం."

పక్కకి అంటే మడుగు వైపు. ఆ మంచులో చుక్కమ్మకి ఆ సంగతి తెలియలేదు.

మంచులో చిన్న చిన్న డెక్కల చప్పుడు కదిలింది. టకటకా, టకటకా, మడుగు వైపు. కంబళయ్యకి ఇంటికి రాని ఆ పిల్ల గుర్తొచ్చింది. ఇక నెమలి గుర్తులేదు, కోతి గుర్తులేదు, పరువు గుర్తులేదు. ఊపిరి నిండా పీల్చి గొంతు చించుకుని అరిచాడు.

"చుక్కమ్మా, ఆగు! చలీ లేదు, గిలీ లేదు! అబద్ధం చెప్పాను! నిన్న నువ్వు వద్దన్నా వినకుండా చింతపండు పెట్టి రుద్దాను. అది చాలక ఇటుకపొడి వేసి అరగదీశాను. ముప్పై ఏళ్ల గొంతుని గీకి వాగులో పోశాను. అదీ చాలక సొంత తెలివి వాడి తేనెమైనం పూశాను. వేలిముద్ర పడుతుందని ఒక్కసారి కొట్టి చూసుకోలేదు! ఇప్పుడు ఆ మైనం నాకుతూ నిలబడ్డాను. నోట్లో ఇటుకపొడి కరకరలాడుతోంది. నా అంత తెలివైనవాడు ఈ అడవిలోనే లేడు తల్లీ!"

డెక్కల చప్పుడు ఆగింది.

తర్వాత మంచులోంచి ఒక జింకపిల్ల కిసుక్కున నవ్వింది. దాని పక్కది నవ్వింది. ఆ తర్వాత చుక్కమ్మ గొంతు వినిపించింది.

"మోసగాడు ఎప్పుడూ తన గొప్పలే చెప్పుకుంటాడు. ఇంత తెలివితక్కువ పని చేసేది, చేసి వాగంతా దద్దరిల్లేలా చెప్పుకునేది మా అన్నయ్య ఒక్కడే. వెనక్కి తిరగండి పిల్లలూ, పదండి!"

"ఇటే, ఇటే!" అని కంబళయ్య తాళం కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పీల గొంతు నీళ్ల చప్పుడులో కలిసిపోతోంది. అందుకని ప్రతి దెబ్బకీ తనూ ఒక కేక వేశాడు.

"ఇటుకపొడి వేసిందెవరు? నేనే! టింగ్! మైనం పూసిందెవరు? నేనే! టింగ్! మోగించి చూడనిదెవరు? నేనే, నేనే! టింగ్ టింగ్!"

పిల్లలు నవ్వుకుంటూ ఒక్కొక్క రాయీ దాటాయి. ఆఖరి రాళ్ల మీదికి నీళ్లు ఎక్కేశాయి. చిట్టచివరి పిల్ల కాలు జారింది. కంబళయ్య డోలుతో సహా నీళ్లలోకి ఉరికి, దాన్ని మెడ దగ్గర పట్టుకుని ఒడ్డుకి ఎత్తాడు.

చుక్కమ్మ పిల్లలందర్నీ ఒకసారి మూతితో తడిమి చూసుకుంది. అందరూ ఉన్నారు. అప్పుడు కంబళయ్య వైపు తిరిగింది. కోప్పడదామనే తిరిగింది. కానీ అతని గడ్డానికి చింతపండు, ముక్కుకి ఇటుకపొడి, మీసాలకి మైనం, కళ్లలో నీళ్లు. చూసేసరికి ఆమెకి కోపం రాలేదు.

"ఇంకో పది అడుగులు వేసుంటే మడుగులో ఉండేవాళ్లం అన్నయ్యా" అంది మెల్లగా.

"తెలుసమ్మా" అన్నాడు కంబళయ్య.

సింగారయ్య గొంతు సవరించుకున్నాడు. "మరి పున్నమినాటి సంగతి..."

"నువ్వు ఆడు బావా, నేను వాయిస్తాను. మెరవడం నువ్వు చూసుకో, మోగడం నేను చూసుకుంటాను. తాళాల జోలికి మాత్రం రాకు." ఇలా అని అంగన్న వైపు కూడా ఒక చూపు చూశాడు. అంగన్న అప్పటికే చెట్టెక్కేశాడు.

కంబళయ్య తాళాలని మళ్లీ ఎప్పుడూ తోమలేదు. వాయించాక పొడిగుడ్డతో తుడిచేవాడు, అంతే. అవి మెల్లమెల్లగా నల్లబడ్డాయి. పాత మోత మాత్రం తిరిగి రాలేదు. అరిగిన కంచు అరిగినట్టే ఉండిపోయింది. అందుకని జింకలకి ఆ కొత్త మోత అలవాటయ్యేదాకా, రోజూ పొద్దున్నే ఒడ్డున నిలబడి తన తెలివితక్కువ కథంతా మొదటినుంచి అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ కేక వింటేనే జింకలు కదిలేవి. నెల తిరిగేసరికి ఆ కథ అడవిలో పురుగూ పుట్రకి కూడా కంఠతా వచ్చేసింది.

ఆ తర్వాత ఒక ఉదయం చుక్కమ్మ చెప్పింది. "అన్నయ్యా, కొత్త మోత మా చెవులకి పట్టింది. రేపటినుంచి తాళం మోగిస్తే చాలు."

మర్నాడు కంబళయ్య ఎంతో సంతోషంగా వచ్చి నిలబడ్డాడు. హమ్మయ్య, ఇవాళ్టితో నా పరువు నాకు తిరిగొచ్చింది అనుకుంటూ తాళం కొట్టాడు. "టింగ్!"

అవతలి ఒడ్డున ఒక్క డెక్క కూడా కదల్లేదు.

కంబళయ్య కంగారుపడి మళ్లీ కొట్టాడు. "టింగ్! టింగ్!"

అప్పుడు మంచులోంచి ఒక బుల్లి గొంతు వినిపించింది.

"నువ్వేనని తెలుసులే మామా! కానీ ఆ మైనం నాకిన ముక్క కూడా చెప్పు, అప్పుడొస్తాం!"

కంబళయ్య నిట్టూర్చాడు. తర్వాత తనకే నవ్వొచ్చింది. డోలు సవరించుకుని, గొంతెత్తి, మొదటినుంచి మొదలుపెట్టాడు.

నీతి: చక్కగా పనిచేసే వస్తువుని మెరుపు కోసం పాడు చేసుకోకు, ఒకవేళ పాడు చేసుకుంటే, పరువు చూసుకోకుండా ఆ సంగతి ముందే చెప్పెయ్యి.