పటిక నీళ్ళలో ముంచిన పరికిణీ

కాళ్ళు ముడుచుకుని ఇలా నా పక్కకి రా, బుజ్జమ్మా. ఉండు, ముందు ఆ దోమల కాయిల్ గడప దగ్గరికి జరిపి వస్తాను. దోమతెర పక్కన నిప్పు పెట్టుకుంటే నాకు కంటిమీద కునుకు రాదు. ఎందుకంటావా? పొద్దున టీవీలో ఒకావిడ నడుముకి పళ్ళెం కట్టుకుని మునివేళ్ళ మీద తిరుగుతోందని పడీపడీ నవ్వావే, ఆ పళ్ళెం కథే చెప్తాను. కొంచెం భయమేస్తుంది. నా చెయ్యి పట్టుకో.

అనగనగా మంచు కురిసే ఒక ఊళ్ళో ఒక నాట్యశాల. అందులో బాలే అనే మునివేళ్ళ నాట్యం ఆడే ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క పేరు క్లారిస్, చెల్లెలి పేరు నినెత్. తల్లీ తండ్రీ లేరు. అక్కకి చెల్లెలు, చెల్లెలికి అక్క, అంతే. అక్కకి భయమంటే ఏమిటో తెలీదు. చెల్లెలికి అన్నిటికీ భయమే. పిరికిపిల్ల అని నాట్యశాల అంతా దాన్ని ఏడిపించేది.

వాళ్ళ ముత్తవ్వల కాలంలో నాట్యం చేసే ఆడవాళ్ళు నేలమీద ఈడ్చే గౌన్లు తొడుక్కునేవాళ్ళు. పాదం కనిపిస్తే ఒట్టు. అప్పుడు ఎవరో ఒక గడుసుది చీలమండ దాకా కత్తిరించేసింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది, తర్వాత అలవాటు పడింది. ఆ తర్వాత బరువు గుడ్డ పోయి, ఇదిగో, ఈ దోమతెర లాంటి పల్చటి తెల్లగుడ్డ వచ్చింది. పొరమీద పొర వేసి పరికిణీలు కుట్టేవాళ్ళు. అది కట్టుకుని గెంతితే మనిషి మబ్బు మీద ఉన్నట్టుండేది.

కానీ అప్పటికింకా కరెంటు లేదు కదా. వేదిక అంచున, నేలమీదే, వరసగా గ్యాసు దీపాలు. బుస్సుమంటూ మండేవి. తెర లేచే ముందు అమ్మాయిలందరూ పరికిణీ పొరలు రెండు చేతులా పట్టుకుని మూడుసార్లు దులిపేవాళ్ళు. అలా చేస్తే ఆట బాగా వస్తుందని వాళ్ళ నమ్మకం. దులిపినప్పుడల్లా ఆ గాలికి మంటలు ఊగి వాళ్ళవైపే వంగేవి. అది నినెత్ ఒక్కతే చూసేది. చూసి బిక్కచచ్చిపోయేది.

అప్పుడు ఒక సాయంత్రం జరగకూడనిది జరిగింది. లూసీ అని, వాళ్ళ పక్కనే నిలబడే పిల్ల. అందరిలాగే పరికిణీ దులిపింది. ఒక మంట వంగి దాని అంచుని ముట్టుకుంది. ముట్టుకుందంతే! తడి దుప్పటి పట్టుకుని పక్కనే కాపలా ఉండే ముసలాయన పరుగెత్తుకొచ్చి చుట్టేశాడు. ప్రాణం దక్కింది. కానీ లూసీ మళ్ళీ ఆడలేదు. నినెత్ ముక్కులోంచి ఆ కమురు వాసనా పోలేదు.

ఆ తర్వాత నాట్యశాల యజమాని అందరినీ పిలిచి గట్టిగా చెప్పాడు. "ఇకనుంచి పరికిణీలు పటిక నీళ్ళలో ముంచి ఆరేసుకోండి. పటిక పట్టిన గుడ్డ తొందరగా అంటుకోదు."

పటిక తెలుసుగా, తాతయ్య గడ్డం గీసుకున్నాక రాసుకుంటాడే, ఆ తెల్లరాయి. అందరూ ముంచారు. తీరా ఆరాక చూస్తే గుడ్డ అట్టలా బిగిసింది, మాసినట్టు పచ్చబడింది. అప్పుడా పిల్లలు ఏం చేశారనుకున్నావ్? యజమాని కళ్ళముందు ముంచడం, ఇంటికెళ్ళి మంచినీళ్ళలో జాడించెయ్యడం! పటిక పోయేది, తెలుపు తిరిగొచ్చేది. అడిగితే, "ముంచామండీ" అనేవాళ్ళు. నిజమే మరి, ముంచారుగా! అందరికంటే బాగా జాడించేది మన క్లారిసే.

అప్పుడు పండగ ఆట వచ్చింది. క్లారిస్ అందరికంటే ముందు నిలబడి, దీపాల పక్కనే గిరగిరా తిరగాలి. ఆ మాట విన్నప్పటినుంచి నినెత్‌కి ముద్ద దిగలేదు. లూసీ అరుపు చెవిలో వినిపిస్తూనే ఉంది. అక్కకేమైనా అయితే తనకింకెవరున్నారు?

ముందు అక్కని కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. "అక్కా, ఈ ఒక్క ఆటకీ జాడించకు. నీకు పుణ్యముంటుంది." అక్క నవ్వేసింది. "ఆ అట్టముక్క కట్టుకుని గాల్లో ఎలా తేలమంటావే, పిరికిదానా?"

ఆ తర్వాత అక్క చూడకుండా తనే పరికిణీని పటిక నీళ్ళలో ముంచి ఆరేసింది. పొద్దున్నే అక్క చూసి, చెల్లెలి చెవి మెలేసి, మళ్ళీ శుభ్రంగా జాడించేసింది.

ఆ తర్వాత ఆట రోజు రానే వచ్చింది. క్లారిస్ జుట్టు దువ్వించుకోవడానికి వెళ్ళింది. నినెత్ గబగబా పరికిణీని మళ్ళీ ముంచి, కుంపటి సెగకి ఆరబెట్టింది. అయినా భయం తగ్గలేదు. లూసీకి నిప్పు ఎక్కడ అంటుకుంది? అంచుకి. మంటకి అందేది అంచే. అప్పుడు కత్తెర తీసింది. భయపడుతూనే ఒక్కొక్క పొరా మోకాలి పైదాకా కత్తిరించేసింది. పొట్టివైపోయిన ఆ పొరలు పటిక బిగువుకి కిందికి వాలలేదు. నడుం చుట్టూ పళ్ళెంలా విచ్చుకుని నిలబడ్డాయి.

క్లారిస్ వచ్చింది, చూసింది, లాగి చెంప మీద ఒకటి కొట్టింది. "ఏం చేశావే! కట్టుకుంటే ఊరంతా నవ్వుతుంది, కట్టుకోకపోతే ఆట పోతుంది. నా నోట్లో మట్టి కొట్టావు కదే!"

గంట మోగింది. ఇంకో పరికిణీ లేదు. ఏడుస్తూ దాన్నే కట్టుకుని వెళ్ళింది. నినెత్ చెంప పట్టుకుని తెర పక్కన నిలబడింది. ముసలాయన చేతిలో తడి దుప్పటి కొసని తను కూడా గట్టిగా పట్టుకుంది.

తెర లేచింది. జనం ముందు నోళ్ళు తెరిచారు, ఆ తర్వాత కొందరు కిసుక్కుమన్నారు. క్లారిస్ పళ్ళు బిగపట్టి తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు తిరిగింది, మంటలు వంగాయి. ఇంకో చుట్టు తిరిగింది, మంటలు లేచాయి. ఆ తర్వాత ఇంకా జోరుగా తిరిగింది. అప్పుడొక మంట నాలుకలా బారుగా సాగి ఆమె పిక్కల దాకా వచ్చింది. నినెత్ దుప్పటి కొస పట్టుకుని ఒక అడుగు ముందుకేసింది. ఆ మంట అటూ ఇటూ ఊగుతూ అంచు కోసం వెతికింది. అంచు అక్కడ లేదు. వెతికి వెతికి కిందికి తగ్గిపోయింది.

క్లారిస్ అది చూసింది. చూసి కూడా ఆట ఆపలేదు. కాళ్ళు అంత స్పష్టంగా కనిపించే ఆట ఆ ఊరు ఎప్పుడూ చూడలేదేమో, చప్పట్లు ఆగలేదు.

తెర పడగానే క్లారిస్ వచ్చి నేలమీద చతికిలబడింది. మేజోడు పిక్క దగ్గర కమిలి నల్లబడింది. చెల్లెలి చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంది. అది దడదడా కొట్టుకుంటోంది.

"నాకు భయమేసిందే," అంది. "ఇన్నాళ్ళూ నా వంతు భయం కూడా నువ్వే పడ్డావు కదే. ఇకనుంచి సగం నాకివ్వు."

నినెత్ అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడవడానికి కూడా భయపడింది, పిచ్చితల్లి.

ఆ తర్వాత ఆ నాట్యశాలలో ఒక్కొక్కరే కత్తెర తీశారు. పటిక పోయేలా జాడించడం మానేశారు. ఆ పళ్ళేన్నే ఇప్పుడు టూటూ అంటున్నారు. అచ్చం ఇలాగే జరిగిందా అని అడగకు, నేనేమన్నా వెళ్ళి చూశానా! నాకు తెలిసిందల్లా, నీ పక్కన నిప్పు ఉంటే నాకు నిద్ర పట్టదు. నవ్వితే నవ్వుకో. నీ వంతు భయం నేను పడతాలే, నువ్వు కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కాయిలేమో గడపకి,
దోమలేమో పెరటికి,
మనమేమో నిద్దరకి.