తెర వెనక తెలుగు పరీక్ష

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడుతున్నాను గానీ, అదేమంత పెద్ద రాజ్యం కాదండీ. పొద్దున్నే చల్దన్నం తిని గుర్రమెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి అవతలి పొలిమేర దాటిపోవచ్చు. పేరు సింగమవలస సంస్థానం. రాజ్యం చిన్నదే, రాజుగారి బిరుదులు మాత్రం బారెడు. రాజా ముకుందరాజు బహద్దరు వారు కొలువుకి వస్తుంటే బిరుదులు చదివే మనిషి గుమ్మం దగ్గర అందుకునేవాడు. ఆయన వచ్చి, కూర్చుని, తాంబూలం వేసుకుని, నమలడం పూర్తిచేసినా ఇంకా అవి మిగిలే ఉండేవి.

వాటిలో రాజుగారికి ప్రాణంతో సమానమైనది ‘ఆంధ్రభాషా సార్వభౌమ’ అన్నది. తెలుగులో తనకి తెలియని మాట లేదని ఆయన నమ్మకం. ఎదురుచెప్పిన వాళ్ళెవరూ లేరు గనక అది నమ్మకంగానే ఉండిపోయింది.

ఆ కొలువులో పేరయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన ఉద్యోగం ఏమిటని అడిగితే చెప్పడం కష్టం. రాజుగారికి పొద్దుపోకపోతే కబుర్లు చెప్పాలి, కోపమొస్తే నవ్వించాలి. ఈ రెండూ జీతానికి చేసే పనులు. అప్పుడప్పుడు రాజుగారిని కాస్త ఆలోచింపజేయడం మాత్రం తన సొంత సరదా కొద్దీ చేసేవాడు. అందులో అపాయం ఉందని ఆయనకి తెలుసు. అయినా ఆ దురద తీరేది కాదు.

ఇలా ఉండగా రాజుగారు పక్క సంస్థానానికి చుట్టంచూపుగా వెళ్ళారు. అక్కడ గేటు కాసేవాడు కలెక్టరు దొరకి ‘గుడ్ మార్నింగ్’ అన్నాడట, దొర టోపీ తీసి నవ్వాడట. అది చూసిన దగ్గర్నుంచి మన రాజుగారికి అన్నం సయించలేదు. ఇంటికొస్తూనే ఉత్తరువు వేశారు: దొరల ఎదుట పడే నౌకర్లందరూ, మావటివాడి దగ్గర్నుంచి వంటవాడి దాకా, ఏడాది తిరిగేలోగా ఇంగ్లీషు నేర్వాలి. నేర్చినవాడికి ఉద్యోగం, నేర్వనివాడికి ఉద్వాసన.

ఇంకేముంది, ఆయుధశాలలో కత్తులు గోడకి తగిలించి సాయంకాలం బడి పెట్టారు. నెరిసిన మీసాలవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు చాపల మీద బాసింపట్లు వేసుకుని ఏ బీ సీ డీలు దిద్దారు. ఏడాది తిరిగాక వాళ్ళని పరీక్ష చెయ్యడానికి చెన్నపట్నం నుంచి విశ్వపతిరావు పంతులుగారిని పిలిపించారు.

పంతులుగారు మంచి చదువరి, కాదనకూడదు. అయితే ఎండాకాలంలో కూడా ఉన్నికోటు విప్పని రకం. ఆయన పరీక్షలో మూడు భాగాలు. మొదటిది వినికిడి. నడుమ నీలం పట్టుతెర కట్టి, ఇవతల తాను కూర్చుని పుస్తకం ఒక్కసారి గడగడా చదువుతారు. అవతల కూర్చున్నవాళ్ళు విని, అడిగిన ప్రశ్నలకి జవాబులు పలక మీద ఇంగ్లీషులో రాయాలి. చెవి పరీక్ష అంటే చెవికే గనక మొహం కనపడకూడదని, ఎదుటివాడెవరో తెలిస్తే పక్షపాతం వస్తుందని ఆయన సిద్ధాంతం. రెండోది చదువు. ఒక పేజీ ఇచ్చి, ఇసుక గడియారం తిరగేసి, ఇసుక జారిపోగానే పేజీ లాక్కుని అందులోవి అడుగుతారు. మూడోది పదాలు. పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కడి మాటలకి అర్థాలు రాయాలి.

ఆ పుస్తకం ఓడల మీద ప్రయాణం గురించిన పుస్తకం.

ఆ పుస్తకాన్ని ఎలాగో ముందే సంపాదించి అంతా వల్లె వేసుకొచ్చిన ఇద్దరు ముగ్గురు గట్టెక్కారు. మిగతావాళ్ళంతా తప్పారు. తప్పినవాళ్ళలో దొరల బంగళా చూసుకునే ఆదెమ్మ ఒకతె. ఆమె బంగళా వెనకగదిలోనే కాపురముంటూ, వచ్చే దొరలకీ దొరసానులకీ ఏళ్ళ తరబడి వేణ్ణీళ్ళు, కాఫీలు, జ్వరమొస్తే జావ అందించిన మనిషి. వచ్చే శుక్రవారానికి గది ఖాళీ చెయ్యమని ఆమెకి కబురొచ్చింది.

ఆ సాయంత్రం పేరయ్య బంగళా వరండాలోకి వెళ్ళేసరికి ఆదెమ్మ సామాను మూట కడుతోంది. రోజూలాగే కాఫీ మాత్రం ఇచ్చింది. ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. పేరయ్య కొలువులో చెప్పే దొరల కబుర్లలో సగానికి సగం ఆదెమ్మ చెవిన పడినవే. ఏ దొరకి బదిలీ అవుతోందో, ఏ దొరసానికి ఏనుగంటే భయమో, వాళ్ళ మాటల్లోంచి ఏరి ఆమె చెప్పేది. ఆయన దానికి ఉప్పూకారం అద్ది రాజుగారికి వడ్డించేవాడు. అందుకని ఆదెమ్మకి ఇంగ్లీషు అర్థం కాదంటే అందరికన్నా ముందు నమ్మలేనివాడు పేరయ్యే.

పరీక్షలో ఏమైందని అడిగాడు.

“ఆ తెర ఎనకాల బాబు ఓడల గురించి ఏటో సదివినారు. ఓడ కొయ్యని ఏటంతారు, తాడుని ఏటంతారు అని అడిగినారు. మా ఊరికి సముద్రం ఎప్పుడూ రానేదు కదా బాబూ” అంది ఆదెమ్మ. “పోనీ తెలిసిందేదో సెబుదారంటే, నోటితో సెప్పకూడదంట, రాయాలంట. నాకు రాత ఎక్కడిది?”

చదవడం సంగతి అడిగితే, అది నిజంగానే రాదని ఒప్పుకుంది. అక్షరాలు పోల్చగలదు గానీ కూడబలుక్కునేసరికి ఇసుక అయిపోయిందట. అబద్ధమాడని మనిషి.

పేరయ్య కాఫీ తాగడం మరిచిపోయి కూర్చున్నాడు. ఆదెమ్మకి ఏం రాదో తెలుసు, ఏం వచ్చో తెలుసు. పంతులుగారి పరీక్షకి మాత్రం ఆ రెండింటికీ తేడా తెలియలేదు. మర్నాడు ఆ మాటే రాజుగారి చెవిన వేశాడు. రాజుగారు మీసం దువ్వుకుంటూ, పరీక్ష అంటే పరీక్షే, చెన్నపట్నం చదువుని బంగళా వంటింట్లో తూకం వేస్తావా అని కసిరారు.

ఆ ‘తూకం’ అన్న మాట దగ్గర పేరయ్యకి దారి దొరికింది.

ఆ పూటకి ఊరుకుని, సాయంత్రం రాజుగారు కులాసాగా ఉన్న వేళ చూసి మళ్ళీ కదిపాడు. పంతులుగారు ఇంగ్లీషులో దిట్టే, తెలుగులో ఎంతటివారో చూస్తే వేడుకగా ఉంటుందన్నాడు. ఎలా చూస్తావన్నారు రాజుగారు.

“ప్రభువులు తెర వెనక కూర్చోండి. ఎవరో పరదేశి తెలుగు నేర్చుకుని ఉద్యోగానికొచ్చాడని నేను చెబుతాను. తమరు పలక మీద జవాబులు రాస్తారు. అవి చూసి, ఈయన పరదేశి కాడు, సరస్వతీదేవి కొడుకని ఆయన పోల్చుకుంటే సరేసరి. పోల్చుకోలేకపోతే ఆయన పాండిత్యం ఎంతో మనకి తెలిసిపోతుంది.”

సార్వభౌముల వారికి ఇంతకన్నా ఏం కావాలి? మొహం చేటంత చేసుకుని ఒప్పుకున్నారు.

మర్నాడు పంతులుగారి దగ్గరికి పేరయ్య వెళ్ళి పరదేశి కథ చెప్పాడు. ఇంగ్లీషు నేర్చిన నౌకర్లని చేసినట్టే, అణువంత కూడా సడలించకుండా పరీక్ష చెయ్యాలని మరీ మరీ కోరాడు. తెలుగులో అలాంటి పుస్తకం తన దగ్గర లేదే అన్నారాయన. పేరయ్య తానే దివాణం పుస్తకాల బీరువాలోంచి ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. అది రైతులకి వ్యవసాయం నేర్పే పుస్తకం.

సరే, తెర కట్టారు. రాజుగారు మారువేషంలాగా ఒక ముతక పంచె కట్టుకుని వచ్చి అవతల కూర్చున్నారు. పంతులుగారు గొంతు సవరించుకుని, దుక్కి దున్నడం గురించి ఒక్కసారి గడగడా చదివి, ఏ వాన తరవాత ఏ చేలో ఏ గింజ వెయ్యాలో రాయమన్నారు.

రాజుగారికి విన్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంది. ప్రతి మాటా తెలుగే కదా. తీరా పలక పట్టుకునేసరికి గింజలూ వానలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. దానికితోడు ఆయన సంతకం తప్ప సొంతంగా రాసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. చెబితే రాయడానికి రాయసగాడు ఉన్నాడాయె. బలపం కిర్రుమంది గానీ అక్షరం కుదురుగా పడలేదు.

తరవాత పేజీ ఇచ్చారు. రాజుగారికి రోజూ ఎవరో చదివి వినిపించడం అలవాటు. కళ్ళు చిట్లించి సగం పేజీలోకి వచ్చారో లేదో, ఇసుక జారిపోయింది, తెర కింద నుంచి పేజీ కూడా జారిపోయింది.

ఇక పదాలు. పుస్తకం తెరుచుకున్న చోట నాగలి ఉంది. మేడి అంటే ఏమిటి? కర్రు అంటే ఏమిటి? నొగ అంటే ఏమిటి? తెర వెనకాల నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. తమాషా అనుకున్నది తలమీదికి వచ్చేలా ఉందని పేరయ్యకి అప్పటికి బోధపడింది. కానీ ఆదెమ్మ మూట కళ్ళ ముందు మెదిలింది. పరీక్షని సాగనిచ్చాడు.

పలకలు ఇవతలికి వచ్చాయి. పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని చూసి, జాలిగా తల ఆడించారు.

“పేరయ్యగారూ, పాపం ఈ మనిషి తెలుగు దేశానికి వచ్చి నెలైనా అయినట్టు లేదు. వింటే అర్థం కాదు, చదవలేడు, మాటలు అసలే లేవు. పసిపిల్లల బడిలో కూర్చోబెట్టండి. ఉద్యోగానికి మాత్రం పనికిరాడు.”

తెర అవతలి నుంచి పక్కకి తొలగింది. ముతక పంచెలో, మీసాల నిండా బలపం పొడితో, ఆంధ్రభాషా సార్వభౌములు లేచి నిలబడి ఉన్నారు.

పంతులుగారి చేతిలోని పలక కింద పడింది. రాజుగారు ఆయన్ని చూడనే లేదు. చూపంతా పేరయ్య మీదే ఉంది.

“ఏమోయ్, నాకు తెలుగు రాదా?”

“ఎంత మాట ప్రభూ. తమరికి తెలుగు రాదంటే తెలుగే నమ్మదు.”

“మరి ఇదేమిటి?”

పేరయ్య చేతులు కట్టుకున్నాడు. “కంసాలి దగ్గరికి వెళితే బంగారం వెయ్యకముందు బరువు తెలిసిన గుండు వేసి త్రాసు చూస్తాం కదండీ. ఆదెమ్మ ఇంగ్లీషు బరువెంతో మనకి తెలియదు. తమరి తెలుగు బరువెంతో లోకమంతా తెలుసు. అందుకని త్రాసులో ముందు తమరిని వేసి చూశాను. తరుగు వచ్చింది. ఆ తరుగు త్రాసుదో గుండుదో ప్రభువులే సెలవియ్యాలి.”

రాజుగారు పలక తీసుకుని తన వంకరటింకర గీతలు తానే చూసుకున్నారు. ఉన్నట్టుండి అడిగారు: “వ్యవసాయం పుస్తకం తెచ్చింది నువ్వే కదూ?”

“నేనే ప్రభూ. ఆదెమ్మకి ఓడల పుస్తకం తెచ్చింది పంతులుగారు. ఆమె ఓడ ఎక్కలేదు, తమరు నాగలి పట్టలేదు.”

రాజుగారు మళ్ళీ ఆలోచనలో పడ్డారు. వినగలగడం ఒకటి, విన్నది రాయగలగడం మరొకటి, గుర్తుంచుకోవడం ఇంకొకటి అన్నది చేతిలో బలపంతో కూర్చున్నాక గానీ ఆయనకి తట్టలేదు. తెర వెనక ఉన్న కాసేపట్లో గుండె ఎంత దడదడలాడిందో ఆయనకొక్కడికే తెలుసు. ఉద్యోగం పోతుందనే భయం తనకి లేకపోయినా అంత దడ. ఆ భయం ఉన్నవాళ్ళకి ఎలా ఉండి ఉంటుంది? ఆదెమ్మని పిలిపించమన్నారు.

ఆమె వచ్చి గుమ్మం పక్కన ఒదిగి నిలబడింది. పంతులుగారిని, దొరలు మామూలుగా మాట్లాడే తీరులో ఏదైనా మాట్లాడమన్నారు రాజుగారు. పంతులుగారు తెర లేకుండా, ఎదురుగా కూర్చుని, రాత్రి నిద్ర పట్టలేదనీ, తల పగిలిపోతోందనీ, ఎండ కళ్ళలో పడుతోందనీ, వేడిగా ఏదైనా కావాలి గానీ పాలు వద్దనీ ఇంగ్లీషులో చెప్పుకొచ్చారు. అప్పుడాయనకి తలనొప్పి నిజంగానే వచ్చి ఉంది.

ఆదెమ్మ కిటికీ తలుపు దగ్గరగా వేసి, వెళ్ళి, శొంఠి కాఫీ పాలు లేకుండా కలిపి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆపైన మెల్లిగా ఒక మాటంది. “కోటు ఇప్పుకుంటే తలనొప్పి తగ్గుద్ది బాబూ. ఇది తమరు అడగనేదు, నానే సెబుతున్నాను.”

పంతులుగారు కాఫీ అందుకున్నారు. రెండు గుక్కలు తాగి, సింగమవలస వచ్చాక మొదటిసారి కోటు విప్పారు. “ఈమె వినికిడికి తిరుగు లేదు ప్రభూ. ఇన్నాళ్ళూ నేను చెవిని పరీక్షిస్తున్నాననుకుని చేతిని పరీక్షించాను” అన్నారు. చదువు మాత్రం ఇంకా రావాలని, వచ్చేదాకా తానే ఉండి నేర్పుతానని, ఈసారి బంగళాలో ఉన్న వస్తువుల పేర్లతో మొదలుపెడతానని ఒప్పుకున్నారు. తప్పినవాళ్ళందరికీ వాళ్ళవాళ్ళ పని చోటే మళ్ళీ పరీక్ష పెట్టాలని నిర్ణయమైంది. ఆదెమ్మ మూట విప్పుకోవడానికి వెళ్ళింది.

అప్పుడు నవ్వారండీ రాజుగారు. మీసాల మీది బలపం పొడి రాలిపడేలా నవ్వారు. తెర వంక చూపించి, “పేరయ్యా, నన్ను దాచి బయటపెట్టిన పట్టు ఇది. ఇక నీదే, కప్పుకో” అని తన చేతులతోనే ఆ నీలం తెర ఊడదీసి పేరయ్య భుజాల మీద కప్పారు. తెర మరీ పొడుగు. కాళ్ళ దాకా వచ్చింది. దానితోపాటు బంగళా పక్కన ఇంటిస్థలం కూడా రాయించి ఇచ్చారనుకోండి, కాఫీకి దగ్గరగా ఉంటుందని.

మర్నాడు కొలువుకి రాజుగారు వస్తుంటే బిరుదులు చదివే మనిషి మామూలుగా అందుకున్నాడు. ‘ఆంధ్రభాషా’ అన్నంత వరకు వచ్చాడో లేదో, రాజుగారు చెయ్యెత్తి ఆపారు.

“అదొక్కటీ కొన్నాళ్ళు పక్కన పెట్టు. పొలానికి వెళ్ళి మేడి పట్టుకుని చూశాక చదువుదువు గాని.”