రాగి కప్పు కింద రాజుగారి తల

ఒకానొక రాజ్యం, దాని పేరు రాగికొండ, ఏలేవాడు ప్రచండవర్మ. మనిషి చెడ్డవాడు కాడు గానీ, గొప్పలకు పోయే గుణం ఎక్కువ. సభలో నోరు విప్పి "సరే" అనడం కూడా ఆయనకు చిన్నతనమే. ఎవరేది విన్నవించుకున్నా గంభీరంగా తల ఊపేవాడు. ఊపడమే ఆలస్యం, విన్నవించేవాడి కాళ్ల దగ్గర కూచున్న రాయసగాడు దాన్ని తాటాకు మీదికి ఎక్కించేసేవాడు. ఆ రాత మారాలంటే మళ్లీ ఆ తలే ఊగాలి.

ఆ ఏడు వేసవిలో నగరంలో నిప్పంటుకుని నలభై పూరిళ్లు బుగ్గి అయ్యాయి. ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి అదను చూసి ముందుకొచ్చాడు.

"మహాప్రభూ, మన కొండలో రాగికి కొదవ లేదు. ప్రతి ఇంటికీ రాగిరేకుల కప్పు వేయిద్దాం. నిప్పు భయం తీరుతుంది. పైగా ఊరు ఊరంతా ధగధగలాడుతుంటే పొరుగు రాజుల కళ్లు చెదిరిపోతాయి!"

మొదటి మాటకు ఊగని తల రెండో మాటకు ఊగింది. దసరాలోగా ప్రతి ఇంటికీ రాగి కప్పు పడాలి, వద్దన్నవాళ్లు ఊరు విడవాలి అని దండోరా వేశారు.

నేతపేట గుండెల్లో రాయి పడింది. పేట పెద్ద భద్రయ్య పరుగున కొమ్మన ఇంటికి వెళ్లాడు. కొమ్మన రాజుగారి కొలువులో హాస్యగాడు, పుట్టి పెరిగింది నేతపేటలోనే.

"ఏం చెప్పమంటావురా అబ్బాయ్! ఎండాకాలం రేకుల కింద ఇల్లు పెనమైపోద్ది. పోగు ఎండిపోయి పుటుక్కున తెగుద్ది. తాటాకు చల్లదనం ఉంటేనే మగ్గం ఆడేది. కప్పు మారిస్తే నేత పోద్ది, మార్చకపోతే ఊరు పోద్ది. ముందు నుయ్యి, వెనక గొయ్యి!"

కొమ్మన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మావా, ఒక్క సంగతి చెప్పు. గట్టి వాన ఎప్పుడు పడుద్ది?"

వీధిలో పడుగు నూలు చాచి ఆరేసుకునే నేతగాడికి మబ్బు సంగతి తెలియకపోతే పూట గడవదు. భద్రయ్య పడమటి దిక్కు చూసి, "ఎల్లుండి, పొద్దు నడినెత్తి దాటాక" అన్నాడు.

కొమ్మన రాజుగారి దగ్గరికి వెళ్లి, రాగి కప్పు మంచిచెడ్డలు నిండు సభలో తూచి చూడమని వేడుకున్నాడు. ఎల్లుండి మధ్యాహ్నం, కొత్తగా రాగి కప్పు వేసిన మండపంలోనే వాదం పెట్టించమన్నాడు.

"ఓడితే నువ్వూ నేతపేటతో పాటే ఊరు దాటాలి" అన్నట్టు రాజుగారు వేలు చూపించి, తల ఊపాడు.

ఆ రోజు శాస్త్రి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రాగి కప్పుకు నిప్పంటదు. ఎలుకలు చేరవు, తేళ్లు రాలవు. రెండేళ్లకోసారి కొత్త తాటాకు కప్పించే బాధ లేదు, తాత వేయిస్తే మనవడి దాకా ఉంటుంది.

"శాస్త్రిగారు చెప్పిందంతా నిజమే" అన్నాడు కొమ్మన. సభ ఉలిక్కిపడింది. వెనక నిలబడ్డ భద్రయ్య నెత్తి పట్టుకున్నాడు. ఇంతలో ఊళ్లో కంసాలులందరూ ఒక్కసారి సమ్మెటలు ఎత్తినట్టు వాన కప్పు మీద విరుచుకుపడింది.

కొమ్మన చేతులు జోడించి, మహా భక్తిగా ఏదో విన్నవించాడు. రాజుగారికి ఒక్క ముక్క వినపడలేదు. నిండు సభలో "ఏమిటీ?" అని అడగడమా? అంతకంటే నామోషీ ఉంటుందా? ముఖం చూస్తే పొగుడుతున్నట్టే ఉంది కదా అని తల ఊపాడు. కొమ్మన మళ్లీ ఏదో అన్నాడు. మళ్లీ ఊపాడు. మూడోసారీ అంతే. కొమ్మన కాళ్ల దగ్గర కూచున్న రాయసగాడు మాత్రం చెవి రిక్కించి గబగబా రాసుకుపోయాడు.

వాన వెలిసింది. రాయసగాడు లేచి చదివాడు:

"ఇంట్లో ఉండేవాళ్లను అడగనిదే ఏ ఇంటికీ రాగి కప్పు వేయరాదు. సిద్ధమైన రేకులు ధాన్యపు కొట్లకూ, నిప్పు భయం ఉన్న వంటశాలలకూ వాడాలి. విరూపాక్షశాస్త్రిగారు వచ్చే ఎండాకాలమంతా ఈ మండపంలోనే కాపురముండాలి."

శాస్త్రి లబోదిబోమన్నాడు. రాజుగారు నోరు విప్పనే విప్పాడు. "నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"మూడుసార్లు తల ఊపారు ప్రభూ. సభంతా చూసింది" అన్నాడు కొమ్మన.

"ఈ మోతలో నాకు ఒక్క ముక్క వినపడితేనా!"

కొమ్మన గొంతు తగ్గించాడు. "ఇవాళంటే వాన మోత ప్రభూ. దండోరా వేయించిన రోజున వాన లేదు. ఆ రోజూ ఏలినవారు నేతపేట మాట వినకుండానే తల ఊపారు. రెండు వందల మగ్గాలు ఆగిపోబోయాయి."

రాజుగారు అతన్ని చూశాడు, వెనక చేతులు జోడించి నిలబడ్డ భద్రయ్యను చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "రాసింది రాసినట్టే ఉండనీ!" అన్నాడు. తన మెళ్లో ముత్యాల హారం తీసి కొమ్మన మెడలో వేశాడు. శాస్త్రి మీద జాలిపడి, ఎండాకాలం బదులు చలికాలం ఉంటే చాలన్నాడు.

బయటికి రాగానే భద్రయ్య తడి మెట్ల మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు.

"బతికాం రా అబ్బాయ్" అన్నాడు. "పద, ఇంటికెళ్లి మీ అత్తకు చెబుదాం. పొద్దుటి నుంచి సామాను మూటలు కడుతూనే ఉంది, ఈపాటికి మగ్గం కూడా విప్పేసి ఉంటది!"